పల్లెవెలుగు కండక్టరు, కరకట్ట బ్యాండు

శాలినికి ముప్పై నాలుగేళ్లు. విజయవాడ నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్లే పల్లెవెలుగు బస్సులో కండక్టరు. సెలవు రోజున మాత్రం గుణదలలో రావమ్మ గారి పిండిమిల్లు మేడ మీద కూర్చుని, రెండు చేతులూ రెండు కాళ్లూ ఆడిస్తూ హెవీ మెటల్ డ్రమ్స్ వాయిస్తుంది. డిపోలో సగంమంది ఈ మాట ఇప్పటికీ నమ్మరు.

డ్రమ్స్ ఆమెకు చర్చిలో అలవాటయ్యాయి. తండ్రి యేసుబాబు క్వయర్‌లో వాయించేవాడు. ఆయనకు చెయ్యి విరిగిన ఏడాది, క్రిస్మస్ ఆరాధనకు మరెవరూ దొరక్క పదమూడేళ్ల శాలినిని కూర్చోబెట్టారు. మొదటి పాట అవగానే పాస్టరుగారు వెనక్కి తిరిగి, "కాస్త మెల్లగా అమ్మా, ప్రభువుకి బాగానే వినిపిస్తుంది," అన్నారు.

మెల్లగా వాయించడం ఆమె వల్ల కాలేదు. ఇంటర్ చదివేటప్పుడు పిన్ని కొడుకు ఫిన్నీ ఒక పెన్‌డ్రైవ్ తెచ్చిచ్చాడు. అందులో ఉన్నదంతా మెటలే. అది విన్నాక తనలాంటి వాళ్లు లోకంలో ఇంకా ఉన్నారని ఆమెకు తెలిసింది. తల్లి మణెమ్మ తలుపు తీసి, "ఏమైందే, ఎవరన్నా పడ్డారా?" అని అడిగింది.

ఉద్యోగం వచ్చాక ముగ్గురు కలిసి బ్యాండు పెట్టారు. ఫిన్నీ గిటారు, సెల్‌ఫోన్ల షాపు నడిపే లక్ష్మీకాంత్ బేస్ గిటారు వాయిస్తూ పాడతాడు, డ్రమ్స్ శాలిని. పేరు 'కరకట్ట'. కింద మిల్లు ఆడుతున్నంతసేపూ పైన ఎంత మోత మోగినా ఇరుగుపొరుగు ఏమీ అనేవాళ్లు కాదు. నాలుగేళ్లు హాయిగా గడిచాయి.

గొడవ ఒక ఫారం వల్ల వచ్చింది. కానూరులో ఒక కాలేజీ ఉత్సవానికి దరఖాస్తు పెడుతున్నారు. అందులో, 'మీ సంగీతం ఏ రకం? ఒక్కటే రాయాలి' అని ఉంది.

"డూమ్," అన్నాడు ఫిన్నీ. అంటే నెమ్మదిగా, బరువుగా సాగే రకం.

"త్రాష్ కదా మనది," అన్నాడు లక్ష్మీకాంత్. అది ఆగకుండా పరిగెత్తే రకం.

"మెటల్ అని రాసెయ్యండి, అయిపోతుంది," అంది శాలిని.

ఇద్దరూ ఆమెను అదోలా చూశారు. ఆ తర్వాత గంటసేపు ఆమెకు తెలియని పేర్లన్నీ బయటికొచ్చాయి. డూమ్‌లో మళ్లీ నాలుగు రకాలట, త్రాష్‌కి డెత్ కలిస్తే ఇంకో రకమట, దానికి రాగం తోడైతే మరోటట. చివరికి "నీ పాటకి నిద్రొస్తది" అని ఒకరు, "నీ పాటకి తలనొప్పొస్తది" అని ఇంకొకరు అనుకుని, వైర్లు చుట్టుకుని వెళ్లిపోయారు. ఫారం గడువు కాస్తా దాటిపోయింది.

వారం తిరక్కుండా ఫిన్నీ ఇంటికొచ్చి, భోజనం చేస్తూ, "అక్కా, నేను వేరే బ్యాండు పెడతన్నా. నువ్వే వాయించాలి," అన్నాడు. మర్నాడు రామవరప్పాడులో లక్ష్మీకాంత్ బస్సెక్కాడు.

"టికెట్ ఎక్కడికండీ?"

"గన్నవరం. శాలిని గారూ, నా కొత్త బ్యాండులో మీరు వాయించాలండి."

"గన్నవరం ఒకటి," అని టికెట్ కొట్టి చేతిలో పెట్టి వెనక సీట్లవైపు వెళ్లిపోయింది.

ఇద్దరిలో ఎవరి బ్యాండులోనూ చేరలేదు. ఆమెకు నిజంగానే బాధేసింది. వినేది నలుగురు, దానికి నలభై పేర్లు. ఆ పేర్లు పోట్లాటకి తప్ప ఎందుకూ పనికిరావని అనుకుంది.

నెల తర్వాత ఒకరోజు శాలిని పనిచేసే బస్సు సర్వీసింగుకి వెళ్లింది. దాని బదులు ఎక్స్‌ప్రెస్ రంగున్న బస్సు ఇచ్చారు. ముందు అద్దం మీద 'పల్లెవెలుగు' అని కాగితం అంటించారుగానీ, దూరం నుంచి అది ఎవరికి కనిపిస్తుంది? ప్రతి స్టాపులోనూ మనుషులు బస్సును చూసి కూడా కదలకుండా నిలబడ్డారు. శాలిని ఫుట్‌బోర్డు మీద నుంచి వంగి, "పల్లెవెలుగేనండీ, అన్నిచోట్లా ఆగుద్ది, ఎక్కండి," అని దారంతా కేకలేసింది. తేలప్రోలులో అమలమ్మ అనే పెద్దావిడ సంచులతో మెల్లగా ఎక్కి ఆయాసపడుతూ కూర్చుంది.

"దూరాన మీ బండి చూసి ఎక్స్‌ప్రెస్సు అనుకున్నానమ్మా. మనకి ఆగదులే అని కూర్చున్నా. రంగు చూసేగా మేం లేచేది."

జంక్షన్ చేరేదాకా శాలిని ఆ మాటే ఆలోచించింది. బస్సుకి తన పేరుతో పని లేదు. అది ఏ రంగులో ఉన్నా అదే రోడ్డు మీద అలాగే నడుస్తుంది. పేరు కావలసింది స్టాపులో నిలబడి, ఎక్కాలా వద్దా అని చూసే మనిషికి.

ఆ ఆదివారం ఇద్దరినీ మేడ మీదికి పిలిచింది. వాళ్లు చెరో మూలా కూర్చున్నారు.

"మీ పేర్లన్నీ ఉండనీండి. ఇంకో పది పెట్టుకున్నా నాకేం బాధ లేదు. కానీ అవి మనం తన్నుకోవడానికి కాదు, వినేవాళ్లకి. మనమే హాలు తీసుకుని వాయిద్దాం. పోస్టరు నేను రాస్తా," అంది.

"ఏది ముందు?" అన్నాడు లక్ష్మీకాంత్.

"నెమ్మదిది ముందు. నా కాళ్లు వేడెక్కాలిగా."

ఫిన్నీ నవ్వాపుకోలేకపోయాడు. కాసేపటికి లక్ష్మీకాంత్ కూడా బేస్ తీసి శ్రుతి చేసుకున్నాడు.

పోస్టరు మీద ప్రతి పాట పక్కనా రకం పేరు, దాని కింద తెలుగులో ఒక ముక్క రాసింది. 'డూమ్: నెమ్మది, బరువు. కూర్చుని వినొచ్చు.' 'త్రాష్: మహా వేగం. చెవుల్లో దూది పెట్టుకోండి.' డూమ్ కూర్చుని వినేది కాదని ఫిన్నీ గొణిగాడు. నిలబడేవాళ్లు ఎలాగూ నిలబడతారంది శాలిని.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, అద్దెకు తీసుకున్న హాల్లో డెబ్భైమంది దాకా పోగయ్యారు. అందులో ఇరవైమంది డిపోవాళ్లే. మణెమ్మ దూదితో సహా ముందు వరుసలో కూర్చుంది. ఫిన్నీ పాట అవగానే దూది తీసి, "ఇది బాగుందిరా, శుభ శుక్రవారం ఆరాధనలాగా ఉంది," అంది. ఫిన్నీ అంత సంతోషపడటం శాలిని ఎప్పుడూ చూడలేదు. పిండిమిల్లు రావమ్మ గారికి మాత్రం త్రాష్ నచ్చింది. నిద్రమత్తు వదిలిందని లక్ష్మీకాంత్ భుజం తట్టి మరీ చెప్పింది.

అందరూ వెళ్లాక జెస్సికా అనే నర్సు డ్రమ్స్ దగ్గరికొచ్చి నిలబడింది.

"మేడమ్, ఆ రెండు కాళ్లతో వాయించేది నాకూ నేర్పుతారా?"

"ఏ రకం నేర్చుకుంటావమ్మా?" అని ఫిన్నీ, లక్ష్మీకాంత్ ఒకేసారి అడిగారు.

"రకాలు నాకు తెలీవండి. డ్యూటీ దిగాక గట్టిగా ఏదన్నా కొట్టాలనిపిస్తది."

శాలిని లేచి తన స్టూలు ఆమె ముందుకు జరిపింది. ఇప్పుడు జెస్సికా ప్రతి గురువారం మిల్లు మేడ ఎక్కుతోంది. ఆమె వాయించేది ఏ రకమో ఆ ఇద్దరూ ఇంకా తేల్చలేదు.