చౌడప్పగారి ఈగపులులు

మొన్న జ్వరం వస్తే ఇంటికి వచ్చి సూది వేసిన నర్సు పిల్ల, ముందుగా నా జబ్బ మీద స్పిరిట్ దూదితో తుడిచింది. ఆ చల్లదనం, ఆ ఘాటు తగలగానే జ్వరమూ సూదీ రెండూ మరిచిపోయాను. "నొప్పి పుట్టిందా అవ్వా? కండ్లలో నీళ్ళొచ్చినాయే!" అంది ఆ పిల్ల. నొప్పి లేదన్నాను. వాసన వల్ల అంటే నవ్వుతుందని చెప్పలేదు. కర్నూలులో నేను పనిచేసిన కాలేజీ జంతుశాస్త్ర ప్రయోగశాల పొద్దస్తమానం ఇదే వాసన కొట్టేది. ఆ వాసనలోనే కూర్చుని తన యవ్వనమంతా గడిపేసిన మనిషి ఒకరుండేవారు. పేరు చౌడప్పగారు. మీకు ఆయన తెలిసే అవకాశం లేదు. ఆయన పేరు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో నాకు తెలుసు, నేను పోతే ఇంకెవరికీ తెలియదు. అందుకే రాస్తున్నాను.

కర్నూలు కొత్త రాష్ట్రానికి రాజధాని అయిన రోజులవి. భర్త పోయాక పట్టుదలకు పోయి చదువు ముగించి, చౌడప్పగారి కింద ప్రయోగాలు చేయించే డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. చిన్న వయసు విధవ మగపిల్లల ముందు నిలబడి కప్పను కోస్తుందట అని ఊళ్ళో కొన్నాళ్ళు చెవులు కొరుక్కున్నారు. నాకు ఒళ్ళు మండేది. చేరిన రోజు చౌడప్పగారు నా మార్కులూ అడగలేదు, నా కథా అడగలేదు. వడ్లగింజంత పురుగున్న గాజు గొట్టం నా చేతిలో పెట్టి, "ఏమ్మా, సాలెపురుగు ఏం చేస్తాది?" అన్నారు.

"గూడు అల్లుతుంది సార్."

"ఇది అల్లదు. బాగా చూడు."

చూశాను. అది కూడా ఒళ్ళంతా నావైపు తిప్పి నన్ను చూసింది. నిజంగానే చూసింది. ఎనిమిది కళ్ళలో ముందువి రెండు పెద్దవి, మెరుస్తూ, మనిషి చూపులా నిలకడగా ఉన్నాయి. ఈ జాతి వల పన్నదనీ, ఈగ కనపడితే నక్కి నక్కి వెళ్ళి మీద దూకుతుందనీ, దూకేముందు మాత్రం పడిపోకుండా ఒక దారపు పోగును వెనక అంటించుకుంటుందనీ ఆయన చెప్పారు. "మనోళ్ళు దీన్ని ఈగపులి అంటారు. పేరు బాగుండాది. పుస్తకాలోళ్ళు మాత్రం దీన్నీ సాలెపురుగుల్లోనే కలిపినారు. నేనూ అంతే. జమ్మలమడుగులో సాలోళ్ళ ఇంట్లో పుట్టి మగ్గం గుంటలో కాలు పెట్టనోన్ని. అయినా సాలోన్నే గదా" అని నవ్వారు. ఆ నవ్వు మొదలవుతూనే ఆగిపోయింది. ఆయన నవ్వులన్నీ అలాగే ఉండేవని తర్వాత తెలిసింది.

ఈగపులుల్లో ఏది ఏ జాతో తేల్చడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కళ్ళు ఎన్ని వరుసల్లో ఉన్నాయో, ఏ వరుస ఎంత వెడల్పో మొదట చూడాలి. తర్వాత మగదానికి నోటి పక్కన చిన్న చేతుల్లా ఉండేవాటి కొసలు చూడాలి, అక్కడి ముడి ఒక్కో జాతికి ఒక్కో తీరుగా ఉంటుంది. ఆడదానికైతే పొట్ట కింద ఉండే గుర్తు చూడాలి. "రంగు చూసి మోసపోవద్దమ్మా" అని రోజూ హెచ్చరించేవారు. చిక్కేమిటంటే, మగదాని చేతినీ ఆడదాని పొట్టనూ పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఏమీ ఉండదు. రెండూ కలిసి ఉండగా చూసినవాళ్ళకే అవి ఒకటని తెలుస్తుంది. విడివిడిగా దొరికితే మహా పండితుడైనా బోల్తా పడతాడు.

ప్రయోగశాల గోడకు కోరా గుడ్డ మీద గీసిన కర్నూలు, కడప జిల్లాల పటం వేలాడేది. రెండింటి మధ్య ఎర్రమల కొండలు ఎర్ర సిరాతో గీసి ఉండేవి. నల్లటి ఈగపులి దొరికిన ప్రతి చోటా ఆయన జిగురుతో ఒక ఆవగింజ అంటించేవారు. బూడిదరంగుది దొరికిన చోట జొన్నగింజ. ఆవగింజలన్నీ కర్నూలు వైపే ఉండేవి, జొన్నగింజలన్నీ జమ్మలమడుగు పక్క గండికోట, పెన్న లోయ వైపు. కర్నూలు వైపు బూడిదరంగువి ఎప్పుడైనా దొరికినా అవి ఇంకా ఎదగనివి, వాటిని బట్టి ఏదీ తేల్చలేమని పక్కన పెట్టేవారు. కొండలు అడ్డుపడటం వల్ల అటొక జాతీ ఇటొక జాతీ ఏర్పడ్డాయని, రెండూ లోకానికి కొత్తవేనని ఆయన నమ్మకం. ఆ సంగతి మీద పెద్ద వ్యాసం రాస్తున్నారు. అది అచ్చయితే పెద్ద ఊళ్ళో పరిశోధన ఉద్యోగం ఖాయమని అందరూ అనేవారు. ఎలుకలు మాత్రం జొన్నగింజలు తినిపోయేవి. మళ్ళీ అంటించడం నా పని.

ఆయన భార్య సుంకమ్మగారు జమ్మలమడుగులోనే ఉండేవారు. ఆమె మగ్గం నేసేవారు. ఈయన కర్నూలులో ఒక్క గది అద్దెకు తీసుకుని, తనే వండుకుని తినేవారు. రాజధాని వచ్చిందే గాని ఊళ్ళో ఇళ్ళు లేవు, ఆఫీసులే గుడారాల్లో నడిచేవి. "ఇల్లు దొరికితే పిలుచుకొస్తానమ్మా" అనేవారు. నిజమే అనుకునేదాన్ని. కాలేజీకి వేసవి సెలవులు ఇచ్చిన మర్నాడే జమ్మలమడుగు బస్సెక్కేవారు, తెరిచే ముందురోజు దిగేవారు. మిగిలిన ఏడాదంతా సాయంత్రాలు మేమిద్దరం చెరో మైక్రోస్కోపు ముందు కూర్చునేవాళ్ళం. గంటలకొద్దీ మాట ఉండేది కాదు. నా గదికి పోతే పలకరించే మనిషి లేదు, ఆయనకూ అంతే. అయినా ఆ మాటల్లేని సాయంత్రాలంత నిండుగా నా జీవితంలో ఇంకేదీ గడవలేదు.

రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. గుడారాలు ఎత్తేశారు, వీధికి నాలుగైదు ఇళ్ళకు తాళాలు పడ్డాయి. ఇక ఉండబట్టలేక అడిగేశాను. "సార్, మా వెనక సందులో మంచి ఇల్లు ఖాళీ అయింది. పెరడు కూడా ఉంది. మగ్గం పడుతుంది."

ఆయన మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు. "ఈ వ్యాసం ఒకటి అచ్చు కానీమ్మా. పెద్ద ఊర్లో ఉద్యోగమొస్తే మళ్ళీ ఇల్లు మార్చల్ల. ఆమెకు రెండు తూర్లు తిప్పలు."

అప్పుడు అర్థమైంది నాకు. ఇల్లు దొరక్కపోవడం అసలు కారణం కాదు. దూరంగా ఉండటం ఆయనకు అలవాటైపోయింది, ఆ అలవాటు పోతే ఏమవుతుందోనని భయం. ఆ భయం నాకూ తెలిసిందే కాబట్టి గుర్తుపట్టాను.

ఆ కార్తీకంలోనే కాలేజీ పిల్లల్ని గండికోట విహారానికి తీసుకుపోవాలని నిర్ణయమైంది. వేసవి తప్ప ఇంకెప్పుడూ ఆ దిక్కు వెళ్ళని చౌడప్పగారు వెళ్ళక తప్పలేదు. కోట చూసి దిగి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అందరికీ భోజనం జమ్మలమడుగులో ఆయన ఇంట్లోనే. సుంకమ్మగారు సన్నగా, పొడుగ్గా, పని తప్ప మరో ధ్యాస లేనట్టు ఉన్నారు. నన్ను చూసి, "నువ్వేనా అమ్మా, ఆ పురుగుల్ని ఈయనతో సమానంగా చూసేది?" అని నవ్వి, పీట వేశారు. పండగ పేరంటాలకు నన్ను దూరంగా కూర్చోబెట్టే లోకంలో ఆమె తన పక్కనే పీట వేయడం నేను మరిచిపోలేదు.

విస్తళ్ళలో చారు పోసే వేళకు, మగ్గం వెనకాల సున్నం గోడ మీద నల్లగా ఒకటి కదిలింది. చౌడప్పగారు సగం అన్నం ముందు లేచి నిలబడ్డారు. "సుంకమ్మా, ఈ నల్లది ఈడికెట్ల వచ్చె?"

"దాందేముండాది, వానలు పడినాక ఈ గోడ నిండా అవే" అన్నారామె, చేతిలో గరిటె ఆపకుండా. "మీరు ఎండాకాలమే వస్తిరి గదా, మీకు యాడ కనపడల్ల?"

ఆ నల్లది ఆగింది. దాని ఎదురుగా గోడ పగులు దగ్గర బూడిదరంగుది ఒకటి కూర్చుని ఉంది. నల్లది ముందు కాళ్ళు రెండూ పైకెత్తి, కుడికి నాలుగు అడుగులు, ఎడమకు నాలుగు అడుగులు వేస్తూ, ఆగి మళ్ళీ మొదలుపెడుతూ, దాని ముందు ఆడటం మొదలుపెట్టింది.

"అది దాని పెండ్లం ముందర అట్లనే ఎగుర్తాది. శానాసేపు ఎగుర్తాది, పాపం" అన్నారు సుంకమ్మగారు. "ఎండలు ముదిరేతలికి నల్లవన్నీ సచ్చిపోతాయి. ఇదొకటే రాయి కింద గుడ్లు పెట్టుకోని కూసోనుంటాది. అప్పుడొస్తారు మీరు."

ఆమె ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచి ఉంటే ఆయన తట్టుకునేవారేమో. ఉన్నమాట చెప్పి, పక్క విస్తరి వైపు కదిలారు. కాసేపటికి, ఎవరితోనో అన్నట్టు, "కర్నూల్లో ఇండ్లన్నీ ఖాళీ అయినాయంట గదా" అన్నారు. పిల్లలు మజ్జిగ అడిగారు.

మర్నాడు ప్రయోగశాలలో ఆయన పటం ముందు చాలాసేపు నిలబడ్డారు. "కొండలు అడ్డమనుకుంటినమ్మా" అన్నారు. "వానాకాలం నేనీడ ఉంటా, కాబట్టి నల్లవి ఈడ. ఎండాకాలం ఆడ ఉంటా, కాబట్టి బూడిదవి ఆడ. ఇది ఈగపులుల పటం కాదు. నా సెలవుల పటం."

రెండు జాతులు లేవు. ఉన్నది ఒక్కటే, నల్లది మగదీ బూడిదది ఆడదీ. నల్లవాటిలో ఆడదీ, బూడిదవాటిలో మగదీ ఇంకా దొరకలేదనే అనుకుంటూ వచ్చాం. వాటిని ఇన్నేళ్ళూ రెండు సీసాల్లో, రెండు పేర్లతో, బీరువాలో వేరు వేరు అరల్లో ఉంచాం. నాకు దుఃఖం కంటే కోపం ఎక్కువ వచ్చింది. "ఒక్క జాతైనా కొత్తదే కదా సార్, ఆ ఒక్కదాన్నే రాసి పంపండి" అని గట్టిగానే అన్నాను.

"పంపొచ్చు. పన్నెండు నెలలూ ఒకచోట కూసోని చూసినాక పంపల్ల. యాడాదిలో రెండు నెలలు చూసి, అంతా తెలిసినట్టు రాస్తి గదమ్మా." అప్పుడాయన మాట్లాడుతున్నది పురుగుల గురించి మాత్రమే కాదని ఇద్దరికీ తెలుసు. వ్యాసాన్ని చింపలేదు. కాగితాలు వెనక తెల్లగా ఉన్నాయి కదా అని బొమ్మలు గీసుకోమని పిల్లలకు పంచేశారు.

ఆ ఏడు పరీక్షలు కాగానే రాజీనామా ఇచ్చి, జమ్మలమడుగు హైస్కూల్లో సైన్సు మాస్టరుగా చేరారు. మతి పోయిందన్నారు సహాధ్యాపకులు. బస్సు దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్ళాను. "కర్నూలు వైపు నువ్వు చూసుకోమ్మా. అటు నేను చూసుకుంటా" అన్నారు. సరేనన్నాను. ఇంకో మాట ఏదో ఉందనిపించింది గాని, అదేమిటో నాకు అప్పుడు తెలియలేదు. తెలిసినా అనేదాన్ని కాదు.

కొన్నేళ్ళకు ఎవరో వేరే ప్రాంతంలో దొరికిన ఈగపులిని వర్ణించి పేరు పెట్టారు. పత్రికలో ఆ బొమ్మ చూడగానే అది మాదేనని తెలిసిపోయింది. ఆ సంగతి చెప్పడానికి జమ్మలమడుగు వెళ్ళాను. సుంకమ్మగారు మగ్గం గుంటలో ఉన్నారు. చౌడప్పగారు పక్కన నేల మీద కూర్చుని ఆమెకు నూలు కండెలు చుడుతున్నారు, పోగు తెగితే ఆమె చేత తిట్లు తింటున్నారు. నేను చెప్పింది విని, "మగదాన్నీ ఆడదాన్నీ కలిపే రాసినారా?" అని అడిగారు. కలిపే రాశారన్నాను. "మంచిది" అని మళ్ళీ కండె అందుకున్నారు. సుంకమ్మగారు ఏదో అన్నదానికి నవ్వారు. ఈసారి ఆ నవ్వు చివరిదాకా సాగింది. చూసి నాకు సంతోషమేసింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. ఆయన ఒంటరితనం తీరింది. నాది మాత్రం అలాగే ఉంది, ఇప్పుడు పంచుకునే మనిషి కూడా లేకుండా.

ఇద్దరూ పోయి చాలా కాలమైంది. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ కర్నూలు వైపు అన్ని నెలల్లోనూ రాళ్ళు తిరగేసి చూశాను, ఆయన చెప్పిన పనే కదా. ఈగపులుల విషయంలో నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. కానీ ఎవరైనా ఫలానా ఆమె మహా గయ్యాళి అనో, ఫలానా ఆయనది రాతిగుండె అనో తేల్చి చెబితే, మీరు చూసింది ఏ కాలంలో అని అడగడం అలవాటైంది. ముసల్ది అడ్డం తిరుగుతుందని విసుక్కుంటారు. మొన్న ఆ నర్సు పిల్ల సూది వేసి వెళ్తూ, "అవ్వా, నువ్వు ఎప్పుడూ ఇట్లనే గట్టిగా ఉంటావే" అంది. జ్వరం ఉన్నా లేకున్నా అది నెలకోసారి వస్తుంది, పది నిమిషాలుంటుంది. దాన్నీ అదే అడగబోయి మానుకున్నాను. నన్ను పన్నెండు నెలలూ చూసిన మనిషి ఎవరూ లేరు.