చాచా బాజాకు కట్టిన దారం

నా చిన్నప్పుడు శంషాబాద్‌కు విమానాశ్రయం రాలేదు, ఊళ్లో పెద్ద చప్పుడంటే పెళ్లి బ్యాండే. ఆ బ్యాండ్‌లో మా పక్కింటి చాచా సాక్సోఫోన్ వాయించేవారు. అందరం దాన్ని బాజా అనేవాళ్లం. పదేళ్ల ఆడపిల్లకు బాజా ఏమిటని మా నానమ్మ సణుగుతున్నా, చాచా రోజూ సాయంత్రం నన్ను అరుగు మీద కూర్చోబెట్టి నేర్పేవారు. ఆయన వేళ్లు ఎలా కదిలితే నా వేళ్లూ అలాగే.

ఆ బాజాకు కుడిచేతి పక్కనున్న ఒక మీటకు గట్టిగా దారం చుట్టి ఉండేది. దాని జోలికి పోకుండా, ఒక స్వరానికి చాచా ఎడమ చూపుడువేలితో రెండు మీటలు కలిపి నొక్కేవారు. లోకంలోని బాజాలన్నీ దారంతోనే పుడతాయని నేను నమ్మాను. అడగాలని కూడా తోచలేదు.

మా వీధిలో ఒక అక్క పెళ్లికి మగపెళ్లివారు పాతబస్తీ నుంచి వేరే బ్యాండ్‌ను తెచ్చుకున్నారు. వాళ్ల బాజా తళతళలాడుతోంది, దారం మాత్రం లేదు. పాపం ఊడిపోయిందనుకుని, వాయించే ఆయన దగ్గరికి వెళ్లి కట్టుకోమని చెప్పాను. పైగా ఆ స్వరానికి వేలు ఎలా పెట్టాలో కూడా చూపించాను. ఆయన పడీపడీ నవ్వారు. ఆ మీట ఉన్నదే నొక్కడానికనీ, నాకెవరో తప్పు నేర్పారనీ పదిమందిలో అన్నారు. చాచా పరువు నా నోటితోనే పోయింది. ఇక నన్ను అరుగెక్కనివ్వరని ఏడుపు ముంచుకొచ్చింది.

పెళ్లికి వచ్చి అక్కడే ఉన్న చాచా నన్ను కసరలేదు. ఆ పాతబస్తీ ఆయన బాజాను మర్యాదగా అడిగి తీసుకుని, ఆయన్ని అటు తిరగమన్నారు. అదే స్వరాన్ని ఒకసారి ఆ మీటతో, ఒకసారి తన పద్ధతిలో పలికించారు. ఏది ఏదో ఆయన పోల్చుకోలేకపోయారు. తర్వాత చాచా తన పద్ధతిలోనే ఒక వేగమైన వరస ఎత్తుకున్నారు. నవ్విన మనిషి ఇటు తిరిగి, ఆ వేళ్లనే చూస్తూ ఉండిపోయారు.

"ఉస్తాద్, జర మల్లొక్కసారి చూపియ్యుండ్రి," అన్నారాయన. చాచా ఓపిగ్గా నేర్పారు.

ఇంటికి నడుస్తుంటే అసలు సంగతి చెప్పారు. ఆ మీట స్ప్రింగు విరిగి నాలుగేళ్లయిందట. పెళ్లిళ్ల కాలంలో బాజాను రిపేరుకిచ్చి ఉండలేక, గాలి పోకుండా మీటను కట్టేసి వేరే దారి వెతుక్కున్నారట. నేను తల ఎత్తలేదు.

"నువ్వు తప్పు చెప్పలె బిడ్డా. మన బాజాకు గదే సరైంది," అన్నారు.

తనను చూసి నవ్వినవాడికి కూడా దాచకుండా నేర్పిన ఆ మనిషి మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు. ఇప్పటికీ మా కోడలు ఏ పనైనా నాకు తెలియని తీరులో చేస్తుంటే, తప్పని అనేయాలని నోరు దురద పెడుతుంది. ఆపుకుని, ఎందుకలా చేస్తున్నావని అడుగుతాను. చాలాసార్లు పక్కన కూర్చుని నేర్చుకునే లేస్తాను.