మా అత్తయ్య మొక్కు, నా జుట్టు

ఎమ్మే సోషియాలజీ చదివి నేను సంపాదించుకున్నది ఒక డిగ్రీ. పోగొట్టుకున్నది మోకాళ్ల దాకా ఉన్న జడ. ఎలా పోయిందో చెప్తాను, హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

తొంభైల చివరి సంగతి. దేవుడిలో, మొక్కుల్లో మనుషులకు ఏ అర్థం దొరుకుతుందో తెలుసుకోవడం నా ప్రాజెక్టు. మా గైడు గారిది ఒకటే పాట. "లెక్కలొద్దమ్మా. ఎంతమంది గుడికెళ్లారో ఎవరైనా చెప్తారు. ఎందుకెళ్లారో వాళ్ల మనసులో దూరి తెలుసుకోండి. వాదించకండి. ఊఁ కొడుతూ ఉండండి."

కొట్టమన్నారు కదా, కొట్టాను! తణుకులో మా మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. ఆవిడకున్నన్ని మొక్కులు రెండు గోదావరి జిల్లాల్లోనూ ఎవరికీ లేవు. పాలు విరిగితే ఒక దేవుడికి, విరగకపోతే ఇంకో దేవుడికి మొక్కేది. రోజూ వంటింట్లో టేప్ రికార్డరు పెట్టి కూర్చునేదాన్ని. ఆవిడ చెప్పేది, నేను ఊఁ కొట్టేదాన్ని. నిజం చెప్పొద్దూ, సగం వినేదాన్నే కాదు. ఆవిడ మాట్లాడుతుంటే నేను కాగితం మీద పెద్ద పెద్ద సిద్ధాంతాలు రాసుకునేదాన్ని.

అదే సమయంలో మావయ్యకు పచ్చకామెర్లొచ్చి రెండు నెలలు మంచం దిగలేదు. చివరికి దేవుడి దయో, డాక్టరు దయో, లేచి తిరిగారు. మర్నాడే అత్తయ్య, "అమ్మడూ, ఆదివారం పట్టిసీమ వెళ్దామే. వీరభద్రుడికి నీ తలనీలాలివ్వాలి" అంది, బజారుకెళ్లి వంకాయలు తేవాలన్నంత తేలిగ్గా.

"నా తలనీలాలేంటి?"

"మావయ్య లేచి తిరిగితే నీ జుట్టిస్తానని మొక్కుకున్నాగా."

"నన్నడక్కుండా నా జుట్టెలా మొక్కుతావ్?"

"అడిగానే! ఊఁ అన్నావు. నీ టేపులోనే ఉంటుంది, చూస్కో."

ఉంది, నా ఖర్మ! క్యాసెట్టు తిప్పితే అత్తయ్య గొంతు శుభ్రంగా వినబడింది. "నీ జుట్టిస్తానని మొక్కుకుంటున్నానే, నీకిష్టమేనా?" వెంటనే నా గొంతు, తేనె కారిపోతూ, "ఊఁ."

"నీ జుట్టే ఇచ్చుకోవచ్చుగా!" అని అరిచాను.

"నాకెక్కడుందే జుట్టు? ఉల్లిపాయంత ముడి. దేవుడికిచ్చేది మనం వదులుకోలేనిదై ఉండాలి. ఈ ఇంట్లో నేను రోజూ నూనె రాసి, దువ్వి, మురిసిపోయేది నీ జడ చూసే. ఆయన ఉంటారో పోతారో తెలీనప్పుడు అంతకంటే తక్కువది ఎలా ఇస్తానంటాను?"

ఎనభై పేజీలు రాశాను నేను. ఈ ముక్క ఒక్క పేజీలోనూ లేదు. నా కోపం తగ్గిపోయిందనుకుంటున్నారా? రెట్టింపయింది! ఎందుకంటే ఇక కాదనడానికి నోరు రాదు.

పాపం, మావయ్యే అడ్డుపడ్డారు. "ఆడపిల్ల కదా, మూడు కత్తెర్లిస్తే సరిపోతుందేమోనే."

"మీ ప్రాణం ఖరీదు మూడు కత్తెర్లేనా?" అంది అత్తయ్య. ఆయన లేచి పడవ ఎన్నింటికో కనుక్కోవడానికి వెళ్లారు.

ఆదివారం పడవెక్కి గోదావరి మధ్యలో ఉన్న ఆ గుడికి వెళ్లాం. "భలే జుట్టండి!" అని మెచ్చుకుంటూనే మంగలాయన గుండు గీసేశాడు. నేను ఏడ్చాను, అత్తయ్య నాకంటే ఎక్కువ ఏడ్చింది. మావయ్య మాత్రం జామకాయ కొరుక్కుంటూ నిక్షేపంగా ఉన్నారు.

నాలుగు రోజుల తర్వాత వైవాకి నెత్తిన కొంగు కప్పుకుని వెళ్లాను. "సిద్ధాంతాలు సరేనమ్మా, మొక్కంటే ఏమిటో మీ మాటల్లో చెప్పండి" అన్నారు ఎగ్జామినరు గారు. కొంగు తీసి, అత్తయ్య మాటలు ఉన్నవున్నట్టు అప్పజెప్పాను. ఆయన నా గుండు వంక ఓసారి చూసి, ఫస్ట్ క్లాసిచ్చేశారు.

ఇంటికొచ్చి చెప్తే అత్తయ్య రెండు చేతులూ జోడించింది. "ఉన్నాడే వీరభద్రుడు! నీకు ఫస్ట్ క్లాసొస్తే ఇంకోసారి నీ తలనీలాలిస్తానని మొక్కాను. ముందు కాస్త పెరగనీ."

"ఎప్పుడు మొక్కావు? నన్నడిగావా?"

"వచ్చేటప్పుడు పడవలోనే. నువ్వు ఏడుస్తున్నావుగా, ఎందుకులే అని అడగలేదు."

ఆ క్షణమే నున్నటి నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేసుకున్నాను. ఇకమీదట మనుషుల్ని ఎంతైనా అర్థం చేసుకుంటాను గానీ, మొక్కన్న మాట చెవిన పడితే మాత్రం, "ఎవరి జుట్టు?" అని తేల్చుకోందే ఆ చాయలకు పోను.