నల్ల సెయ్యి బొమ్మ

"ఒకే ఒక్క రీలు, దీదీ. ఇది చిరిగితే మరి లేదు" అన్నాడు మలంచా పేటలో వీడియో కేసెట్ల షాపు నడిపే బెంగాలీ దాదా, మా ఇంట్లో ఆ రేకు డబ్బా మూత తీసి చూసి. అనేసి తీరిగ్గా టీ తాగి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఆ రోజునుంచి అన్నం సహించలేదు. మొదటినుంచీ నేను గాభరా మనిషిని. తాళం వేశానో లేదో చూడ్డానికి వీధి చివరినుంచి వెనక్కొచ్చే రకాన్ని. అలాంటిదాని చేతిలో పెట్టారు దాన్ని.

ఆ రీలు కథ చెప్పాలంటే ఎనభైల మొదట్లోకి వెళ్ళాలి. కలకత్తా వైపున్న ఈ రైల్వే ఊళ్ళోనే అప్పుడు మేం న్యూ సెటిల్‌మెంట్‌ క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్న రైల్వే వాళ్ళ హాల్లో సినిమా ఆపరేటరు. శనివారం సాయంత్రాలు బొమ్మ వేసేవారు. ఎక్కువగా హిందీ, తెలుగు, బెంగాలీ. అప్పుడప్పుడూ ఒక ఇంగ్లీషుది. ఒకసారి ఇటలీవాళ్ళు తీసి ఇంగ్లీషు మాటలు అతికించిన దయ్యాల సినిమా వచ్చింది. దాని అసలు పేరుకి ఎవరికీ నోరు తిరగలేదు. ఊళ్ళోని మన తెలుగువాళ్ళందరికీ అది 'నల్ల సెయ్యి బొమ్మ'.

ఎందుకంటే నాలుగో రీల్లో ఒక చిన్నపిల్ల పాత బంగళాలో గది తలుపు తోసుకుని లోపలికి వెళ్తుంది. సంగీతం ఆగిపోతుంది. అంతలో తెర పైనుంచి ఇంత పెద్ద నల్లటి చెయ్యి దిగి, వేళ్ళు దగ్గరికి చేర్చి, తెరంతా కప్పేస్తుంది. ఆ చీకట్లోంచి పిల్ల కేక. చెయ్యి తొలగేసరికి పిల్ల వానలో పరుగెడుతూ ఉంటుంది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అమ్మ పోయి నాలుగు నెలలు. ఇంట్లో చూసేవాళ్ళు లేక శనివారాలు నాన్న నన్ను తనతోబాటు మెషీన్‌ గదిలో కూర్చోబెట్టుకునేవాడు. ఆ రోజు మాత్రం మారాం చేసి కింద హాల్లో, పక్క క్వార్టరు అత్త పక్కన కూర్చున్నాను. ఆ చెయ్యి దిగగానే అత్త ఒళ్ళో తల దాచేసుకున్నాను. ఊరికి ఆ సినిమా తెగ నచ్చింది. అడిగి అడిగి మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు. నేను మాత్రం మళ్ళీ ఆ హాలు ఛాయలకి పోలేదు. తలుపుకి వీపు పెట్టి కూర్చోవడం నాకు చాలా ఏళ్ళు చేతకాలేదు.

తర్వాత ఇంటింటికీ టీవీలు వచ్చాయి, హాల్లో బొమ్మలు ఆగిపోయాయి. ఆ సినిమా పంపిన కలకత్తా కంపెనీ మూతపడింది. పార్శిల్లో పంపిన డబ్బాలు తీసుకునేవాళ్ళు లేక తిరిగొచ్చాయి. పారెయ్యమంటే నాన్న మనసొప్పక, వానకి తడిసి పాడవగా మిగిలిన ఒక్క రీలునీ ఇంటికి తెచ్చుకున్నాడు. రిటైరయ్యాక అదే ఊళ్ళో ఝపటాపూర్లో అద్దెకి దిగినప్పుడు అది కూడా మాతో వచ్చి మంచం కింద చేరింది. అది నాలుగో రీలు.

తొంభైల మధ్యలో కలకత్తాలో మరో కంపెనీవాళ్ళు పాత విదేశీ దయ్యాల సినిమాలు కేసెట్లుగా తేవడం మొదలెట్టారు. ఇలాంటి వాటికి పిచ్చి అభిమానులుంటారట. ఒక్కో సినిమా పదిసార్లు చూసి, ఏ సీను తర్వాత ఏది వస్తుందో నిద్రలో లేపినా చెప్తారట. కంపెనీ దగ్గరున్న కాపీలో నాలుగో రీలు బూజు పట్టి పోయింది. దాదా ద్వారా మా రీలు సంగతి తెలిసింది. వాళ్ళ షరతు ఒక్కటే. రీలు మొత్తం ఉండాలి, ముక్క కూడా తెగిపోయి ఉండకూడదు.

"ఇన్నేళ్ళు రీళ్ళు తిప్పినాను. అడుగు ఫిల్ము పోగొట్టినోణ్ణి కాదు. అలగే సెప్పు ఆళ్ళకి" అన్నాడు నాన్న దాదాతో, ఛాతీ విరిచి. నాన్నకి మిగిలిన గర్వం అదొక్కటే. కళ్ళకి శుక్లాలు, చేతులు వణుకుతున్నాయి. కాబట్టి మాట ఆయనది, పని నాది. అతుకులు వెయ్యడం చిన్నప్పుడు ఆయన నేర్పిందే.

నేను టీచరుగా చేసే బడికి సెలవున్న రోజుల్లో కిటికీ పక్కన బల్ల వేసుకుని కూర్చునేదాన్ని. డబ్బా తెరిస్తే పులిసిన వాసన. నూలు తొడుగులు వేసుకుని, పాత పంచె ముక్కతో జానెడు జానెడు తుడవాలి. ఎండిపోయిన పాత అతుకులు విప్పి మళ్ళీ వెయ్యాలి. అంచు రంధ్రాలు చిరిగిన చోట బ్లేడుతో టేపు కోసి అంటించాలి. కలకత్తాలో ఫిల్మును వీడియోలోకి ఎక్కించే యంత్రం పళ్ళు ఆ రంధ్రాల్లోనే పడతాయి. ఒక్కటి పట్టు తప్పినా రీలు అక్కడే రెండవుతుంది. ఫిల్ము ఎగురుతుందని ఫ్యాను వేసుకునేదాన్ని కాదు. చెమట చుక్క దానిమీద పడుతుందేమోనని మళ్ళీ అదొక భయం.

నాన్న మంచం మీదనుంచి అయిదు నిమిషాలకోసారి "ఎందాకా వొచ్చినాది?" అని అడిగేవాడు. "ఆ గది సీను కాడ ఆగిపో. అది నాను సేస్తాను."

ఆ చేతులతోనా? సరేనని తలూపి, ఆయన్ని ముట్టుకోనివ్వకూడదని మనసులో గట్టిగా అనుకున్నాను.

సోమవారం పొద్దున్న బండికి కంపెనీ మనిషి వస్తాడనగా, ఆదివారం నాన్న చర్చికి బయల్దేరాడు. "నానొచ్చీదాకా ఆ సీను ముట్టుకోకు" అని మరోసారి చెప్పాడు. గేటు గడియ చప్పుడు అవగానే భూతద్దం తీశాను.

ఫిల్మును కిటికీ వెలుగుకి పట్టుకుని ఒక్కో బొమ్మా చూసుకుంటూ పోయాను. తలుపు, పిల్ల, గది, మంచం. ఇన్నేళ్ళ తర్వాత ఆ చెయ్యిని ఇంత దగ్గరగా చూడాలి. మంచం, మంచం దగ్గర పిల్ల. ఆ తర్వాత వాన.

చెయ్యి లేదు.

మళ్ళీ మొదటినుంచి చూశాను. లేదు. ముక్క కోసి ఉంటే అక్కడ అతుకుండాలి. బారెడు ఇటూ బారెడు అటూ వెతికినా అతుకు లేదు. ఆ క్షణంలో ఆ సంగతి బుర్రకెక్కితే కదా! నేల ఊడ్చాను, డబ్బా తిరగేశాను, చేతి తొడుగులు కూడా దులిపాను. ముందు నేనే పోగొట్టాననుకుని ఏడుపొచ్చింది. తర్వాత నాన్న మీద అనుమానమొచ్చింది. అందుకేనా ముట్టుకోవద్దన్నాడు? ఎప్పుడో కోసి ఎవరికో ఇచ్చేసి, ఇప్పుడు ఛాతీ విరుస్తున్నాడా? రేపు ఆ మనిషి ముందు నాన్న తల దించుకుని నిలబడటం కళ్ళకి కట్టింది. ఏడుపు కోపమైంది.

నాన్న బైబిలు చంకలో పెట్టుకుని వచ్చేసరికి నేను గుమ్మంలోనే ఉన్నాను.

"నల్ల సెయ్యి లేదు నాన్నా. నువ్వే కోసినావా? ఎవరికిచ్చినావు? రేపొచ్చే మనిషికి ఏటి సెప్పాలి?"

"ముట్టుకోవొద్దన్నాను కదే" అన్నాడు. బైబిలు అరలో పెట్టి, నిదానంగా వచ్చి కూర్చున్నాడు. "ఫిల్ములో ఉంటే కదా పోడానికి."

కిటికీ రెక్కలు మూసి, బల్లమీద దీపం వేసి, దాని ముందు కుడిచెయ్యి పెట్టాడు. గోడమీద నల్లటి చెయ్యి పైనుంచి దిగి, వేళ్ళు దగ్గరికి చేర్చింది. ఇరవయ్యేళ్ళు దాటినదాన్ని, పట్టపగలు నాకు ఒళ్ళు జలదరించింది.

"ముద్దు సీన్లకి మెషీను ఎలుగుకి అట్టముక్క అడ్డమెట్టీవోణ్ణి. అది అందరికీ తెలుసు, ఈలలేసీవోరు. ఆ రోజు అట్ట అందలేదు. నువ్వు కిందున్నావని అప్పుడే గేపకమొచ్చినాది. సెయ్యెట్టీసినాను." కాస్త నవ్వాడు. "తెల్లారేసరికి ఊరంతా నల్ల సెయ్యి, నల్ల సెయ్యి! మరింక మానడానికేదీ? ఏసిన పెతిసారీ ఎట్టవలసొచ్చీది."

నాకు నవ్వు రాలేదు. "నాను సూడకుండా ఏటి దాసినావు?"

ఆయన కిటికీ తెరిచి భూతద్దం నావైపు జరిపాడు. చెయ్యి కోసం వెతుకుతూ నేను రెండుసార్లు దాటేసిన బొమ్మలే అవి. ఈసారి మంచం మీద ఏముందో చూశాను. చనిపోయిన ఆడమనిషి. మెడదాకా తెల్లబట్ట, చుట్టూ పువ్వులు. పిల్ల ఆమె చెంపమీద చెయ్యి వేస్తుంది. బొమ్మ తర్వాత బొమ్మలో ఆ తల్లి కళ్ళు కొంచెం కొంచెంగా తెరుచుకుంటాయి.

మా క్వార్టర్లో ముందుగదిలో అమ్మని పెట్టెలో పడుకోబెట్టినప్పుడు నేనూ అలాగే చెంపమీద చెయ్యి వేశాను. చల్లగా తగిలింది. ఎవరో నన్ను వెనక్కి లాగేశారు. ఆ కళ్ళు ఒక్కసారి తెరుచుకోవాలని తర్వాత ఎన్ని పొద్దులు ప్రార్థన చేశానో నాకే తెలుసు. సినిమాలో ఆ పిల్ల కేక పెట్టి పారిపోతుంది. నేనైతే పారిపోయేదాన్ని కాదు.

"నువ్వు నిజమనుకుంతావని బయమేసినాది" అన్నాడు నాన్న. "మీ అమ్మ కూడా లెగుస్తాదని ఎదురుసూస్తావని."

నన్ను అన్నేళ్ళు భయపెట్టిన చెయ్యి బల్లమీద ఉంది. దాన్ని పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. సరిగ్గా ఆ చోటే అంచున మూడు రంధ్రాలు చిరిగి ఉన్నాయి. ఆయన ఫిల్మును బల్లకి అదిమి పట్టుకున్నాడు, నేను టేపు వేశాను. మర్నాడు కంపెనీ మనిషి రీలంతా విప్పి చూసి, ఎక్కడా ముక్క పోలేదన్నాడు. యంత్రం మీద కూడా అది తెగలేదని దాదా కబురు తెచ్చేదాకా నాకు నిద్ర లేదు.

కేసెట్టు వచ్చాక దాదా దగ్గర వీసీఆర్‌ తెచ్చుకుని ఒక మధ్యాహ్నం పెట్టాం. అప్పటి పక్క క్వార్టరు అత్త న్యూ సెటిల్‌మెంట్‌ నుంచి పనిగట్టుకుని వచ్చింది. గది సీను రాగానే ముందుకి వంగింది.

"ఇదేటి, నల్ల సెయ్యేదీ? కోసీసినారు దొంగసచ్చినోళ్ళు!"

నాన్న వినిపించుకోలేదు. తెరమీద పిల్ల మంచం దగ్గరికి నడుస్తోంది. ఆయన కుడిచెయ్యి ఒళ్ళోంచి దానంతటది పైకి లేచి నా ముఖానికి అడ్డంగా వచ్చింది. పట్టుకుని కిందికి దించాను.

"పర్లేదు నాన్నా, సూస్తాను" అన్నాను. ఆ చెయ్యి వదలకుండా, ఆ కళ్ళు పూర్తిగా తెరుచుకునేదాకా చూశాను.