మామ్మ బొట్టు పెట్టిన మోటారు సైకిలు

మా చిన్నప్పుడు... నాన్నగారు వీధి అరుగు మీద పాత గోనె పరిచి, మోటారు సైకిలు భాగాలన్నీ విప్పి వరసగా పేర్చుకుని కూర్చునేవారు. పక్కన నేను, ఆముదం గిన్నె పట్టుకుని.

ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నాకిప్పుడు యాభై ఏళ్ళు. మొన్న మా అబ్బాయి కొత్త మోటారు సైకిలు తెచ్చి వాకిట్లో నిలబెట్టి, బొట్టు పెట్టమన్నాడు. కుంకుమ భరిణెతో వెళ్ళాను గాని చెయ్యి సగంలోనే ఆగిపోయింది. చివరికి బండి ముందు దీపం మీద పెట్టి లోపలికి వచ్చేశాను.

అప్పటినుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. జపానికి కూర్చుంటే రెండు నామాలకే లేచిపోతున్నాను. హైస్కూలు దాకా చదివినా ఉత్తరాలు తప్ప ఏమీ రాయని దాన్ని... అయినా కలం పట్టాను.

నాన్నగారు డాక్టరు. నిడదవోలు అవతల కాలవ గట్టు మీద మా ఊరు. సైకిల్నే వింతగా చూసే రోజులవి. ఇంగ్లండు సీమకి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర నాన్నగారు ఆ మోటారు సైకిలు తీసుకున్నారు. ఇత్తడి ట్యాంకు, దాని మీద ఇత్తడి మూత, చక్రం తిప్పడానికి తోలు పట్టా. పెట్రోలు రాజమండ్రి నుంచి డబ్బాల్లో పడవ మీద వచ్చేది.

వానలో గట్టు మీద బురద తొక్కుకుంటూ వెళ్ళి వచ్చేవారు. ఇంటికి రాగానే ప్లగ్గు విప్పి మసి గీకడం, పట్టా తుడిచి ఆముదం రాయడం... అమ్మ గుమ్మంలోంచి నవ్వేది. "చంటిపిల్లకి కూడా ఇన్ని సేవలు చెయ్యలేదండి మీరు. ఎడ్లబండే నయం, ఇంత గడ్డి వేస్తే కదులుతుంది."

మామ్మ, అంటే నాన్నగారి తల్లి, మొదట్లో దాని చప్పుడుకే చెవులు మూసుకునేది. ఆయుధపూజ నాడు మాత్రం తనే చింతపండు పెట్టి ఇత్తడంతా తళతళా తోమి, ట్యాంకు మూత మీద గంధం దట్టంగా అద్ది, నడుమ కుంకుమ పెట్టింది. "మనుషుల ప్రాణాలు నిలబెట్టడానికి వెళ్ళే బండిరా ఇది. ఒట్టి మొహంతో పంపకూడదు" అంది. ఆ తరవాత ప్రతి శుక్రవారం అదే పూజ.

ఆ దసరా వెళ్ళాకే బండికి తెగులు పట్టింది.

ఇంటి దగ్గర బాగానే బయలుదేరేది. కాలవ లాకులు దాటాక దగ్గి ఆగిపోయేది. నాన్నగారు మూత తీసి చూస్తే పెట్రోలు ఉండేది. మూత పెట్టి మళ్ళీ తొక్కితే నడిచేది... ఇంకొంత దూరం పోయాక మళ్ళీ ఆగేది. ఇంటికొచ్చి ప్లగ్గు మార్చారు, పెట్రోలు గొట్టం విప్పి నోటితో ఊదారు. అరుగు ముందు కాసేపు తిప్పి చూస్తే ఏ లోపమూ లేదు.

అన్నం తింటూ తింటూ ఏదో తట్టి, ఎంగిలి చేత్తోనే బండి దగ్గరికి వెళ్ళిపోయేవారు. ఆయన ఊరెళితే అమ్మ వీధిలోకీ లోపలికీ తిరిగేది. మామ్మ శుక్రవారం ఒక్కటే చాలడం లేదని మంగళవారం కూడా మొదలుపెట్టింది... గంధం ఇంకాస్త దట్టంగా.

కార్తీకంలో ఒక శుక్రవారం, గోదావరి ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పేట నుంచి ఒకతను పరుగున వచ్చాడు. భార్యకి నొప్పులు మొదలై, బిడ్డ అడ్డం తిరిగిందట. "నేను ముందు వెళతాను, నువ్వు వెనకే రా" అని అతనికి చెప్పి నాన్నగారు బండెక్కారు. మామ్మ అప్పటికప్పుడు బొట్టు పెట్టి పంపింది.

దారి పొడుగునా ఆగిందట. వెనక నడిచి వస్తున్న ఆ మనిషే వచ్చి కలుసుకున్నాడు. ఆఖరికి బండి గట్టు మీద వదిలేసి ఇద్దరూ పరుగెత్తారు.

బిడ్డ దక్కింది. తల్లి దక్కలేదు.

నాన్నగారికి మళ్ళీ బండి ఎక్కబుద్ధి కాలేదు. ఇల్లు చేరేదాకా తోసుకుంటూనే వచ్చారు. ఇంకా వెలుగుంది. అరుగు దగ్గర నిలబెట్టి, ఏ ఆలోచనా లేకుండా ట్యాంకు మూత తిప్పారు.

ట్యాంకు ఊపిరి లోపలికి పీల్చుకున్నట్టు శబ్దం... నేనూ విన్నాను.

మూత ఎత్తి ఆకాశం వైపు పట్టి చూశారు. లోపలికి గాలి వెళితేనే పెట్రోలు కిందికి దిగుతుంది, అందుకు దాని నడుమ సన్నని బెజ్జం ఉండాలి. లేదు. గోటితో గీకితే ఎండిన గంధం పెచ్చుగా ఊడి అరచేతిలో పడింది.

మామ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆ తల్లి పోయిన కబురు ముందే చేరింది, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. "ఇవాళ హడావిడిలో బొట్టు సరిగ్గా పెట్టలేదేమోరా. నా వల్లే ఆగిందేమో" అంది.

నాన్నగారు పిడికిలి మూశారు. నా వంక చూశారు.

"నీ వల్ల కాదమ్మా. గట్టు మీద దుమ్ము. లోపల దుమ్ము పట్టింది, అంతే."

ఆ సాయంత్రం నన్ను ఒక గుండుసూది అడిగి తీసుకున్నారు. చొక్కా మడతలో గుచ్చుకున్నారు.

ఆ తరవాత కూడా మామ్మ బొట్టు మానలేదు. ఆవిడ పెడుతున్నంత సేపూ నాన్నగారు పక్కన తల వంచుకుని నిలబడేవారు. గట్టు మలుపు తిరిగాక, మేం కనబడని చోట, మోటారు చప్పుడు ఆగేది. కాసేపటికి, గుండుసూది పని అయ్యాక, మళ్ళీ మొదలయ్యేది. మామ్మ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకునేది.

మరి ఎన్నడూ దారిలో ఆగలేదు. తన బొట్టు మహిమే అనుకుంటూ మామ్మ వెళ్ళిపోయింది. ఆ తరవాత నాన్నగారూ వెళ్ళిపోయారు. ఆయన అబద్ధం చెప్పారా, తల్లికి మేలు చేశారా... భగవంతుణ్ణి ఎన్నిసార్లు అడిగినా నాకు తెలియడం లేదు.

ఇప్పుడు ఆ గట్టు మీద బస్సులు తిరుగుతున్నాయి. బండి ఆగితే షాపులో ఇచ్చి వచ్చేస్తున్నారు. ఎందుకు ఆగిందో ఇంట్లోవాళ్ళకి తెలియాల్సిన పనే లేదు.

ఎప్పుడైనా ఇది చదివే మీలోనూ ఎవరైనా ఇంట్లోవాళ్ళ కోసం ఇలాంటి మాట ఏదైనా మోస్తూ ఉంటే, నాలాగే ఒక కాగితం మీద పెట్టుకోండి. నేను రాసిన ఈ కాగితాలు మాత్రం చింపకండి, ఇప్పట్లో ఎవరికీ చూపించకండి. మా మేనత్త ఇంకా ఉంది. వాళ్ళమ్మ చేతి బొట్టుతో బండి ఎలా నడిచిందో ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ కూర్చోబెట్టి చెబుతుంది... ఉన్నన్నాళ్ళూ చెప్పుకోనివ్వండి.