వింధ్య బ్లాకులో అనకూడని మాట

ఆగస్టు మూడో తేదీ, ఆదివారం, ఉదయం ఎనిమిదీ నలభై. ఎల్‌బీ నగర్‌లో మా చెల్లెలుండే అపార్టుమెంట్లలో బ్లాకులకు పర్వతాల పేర్లు పెట్టారు. ఆమెది వింధ్య. తుని బస్సు తొమ్మిదింటికి. గేటు దగ్గర చెల్లెలితో, "వెళ్ళొస్తానే" అన్నాను.

కమిటీ సెక్రటరీ పరుగున వచ్చాడు. "ఏందమ్మా గా మాట! నేనొచ్చేదాంక తల వంచుకొనుండు అని వింధ్యకు చెప్పి అగస్త్యుడు పోయిండు. మళ్ల రాలే. పర్వతం గట్లనే ఉండిపోయింది. మొన్న ఒక చుట్టం వెళ్ళొస్తనన్నడు, మా లిఫ్టు కిందనే కూసుంది."

"మరేమనాలి?"

"పోతున్న అనుండ్రి. మేమందరం గట్లనే అంటం."

"డెబ్బై మూడేళ్ళదాన్ని. ప్రయాణమవుతూ పోతున్నా అనమంటారా? చచ్చినా అనను."

ఆయన గేటు వైపు చెయ్యి చూపించాడు. "అయితే గేటు దాటి మళ్ల లోపటికి రాండ్రి. వచ్చినట్టయితది, మాట చెల్లుతది. గప్పుడు సప్పుడు చెయ్యకుండ పోండ్రి."

గేటు దాటాను, తిరిగి లోపలికొచ్చాను. "సరిపోయిందా? ఇక వెళ్ళొస్తాను బాబూ" అన్నాను.

"మళ్ల అంటివి గదమ్మా!" అని ఆయన తల పట్టుకున్నాడు.

మళ్ళీ దాటాను, మళ్ళీ వచ్చాను. ఈసారి నేను నోరు తెరవకముందే చెల్లెలు అరచేత్తో మూసేసింది. అలాగే ఆటో దాకా నడిపించింది.

పోయినవి: తొమ్మిది గంటల బస్సు ఒకటి, కిటికీ పక్క సీటు ఒకటి, గేటు దగ్గర ఇరవై రెండు నిమిషాలు, చెల్లెలికి చెప్పాల్సిన వీడ్కోలు ఒకటి.