పంజగుట్ట దగ్గర ఆగాను

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా వాడకట్టులో అందరూ అనేవాళ్లు. అబద్ధం కాదు. దారిలో ఎవడైనా నన్ను దాటి నడిచాడంటే చాలు, నన్నేదో అని పోయినట్టే ఉండేది. వాణ్ని మళ్లీ దాటేదాకా నాకు మనసున పట్టేది కాదు. ఇరవై ఏళ్ల వయసులో ఈ రోగం మరీ ముదిరి ఉండేది. అలాంటివాణ్ని పరుగు పందేనికి తయారు చేయడం ఎంత కష్టమో భాయ్‌కే తెలుసు.

భాయ్ అంటే అమీర్‌పేటలో నేను పనిచేసే రొట్టెల భట్టీలో పిండి పిసికే మనిషి. నాకన్నా ఏడెనిమిదేళ్లు పెద్ద. అక్కడ కాల్చిన డబల్ రొట్టెలను రేకు పెట్టెలో సర్దుకుని, నెత్తిన పెట్టుకుని, సోమాజిగూడ బంగళాలకు చేర్చడం నా పని. వేడి ఆరకముందే చేరాలి కాబట్టి నాకు నడక అనేది లేదు, ఉరకడమే. అది చూసి చూసి భాయ్ ఒకరోజు, "తమ్మీ, నీ కాళ్లల్ల నౌకరీ ఉన్నది. నీకే తెల్వదు" అన్నాడు.

యుద్ధం నడుస్తున్న రోజులవి. ఒక సర్కారీ దఫ్తరుకు హరకారాలు కావలసి వచ్చారు. అంటే కాగితాలు పట్టుకుని ఒక దఫ్తరు నుంచి ఇంకో దఫ్తరుకు పరుగెత్తే జవాన్లు. ఎవరైనా ఉరకవచ్చని, మొదట వచ్చిన పన్నెండు మందిని తీసుకుంటామని దండోరా వేయించారు. నౌకరీతో పాటు ఉండటానికి ఒక గది కూడా ఇస్తారట. ఆ గది మాట మా అమ్మ చెవిన పడింది.

అమ్మ సోమాజిగూడలో ఒక దొర బంగళాలో ఆయా. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. బంగళా వెనకాల పనివాళ్ల గదుల్లో ఒకటి మాది. ఆ దొరకు బదిలీ అయింది. ఎండలు ముదరకముందే వెళ్లిపోతాడు, కొత్తగా వచ్చే దొర తన మనుషులను తెచ్చుకుంటాడు. అమ్మకు పనీ ఉండదు, మాకు నెత్తి మీద కప్పూ ఉండదు. ఆ పన్నెండు మందిలో నేనుంటే ఏ బాధా లేదు. లేకపోతే ఎక్కడికి పోవాలో ఇద్దరికీ తెలియదు. రాత్రి ప్రార్థనలో అమ్మ అందరి క్షేమం అడిగాక నా కాళ్ల గురించి కూడా అడగడం మొదలుపెట్టింది. నవ్వొచ్చేది కానీ, ఆమేన్ మాత్రం గట్టిగా అనేవాణ్ని.

సాయంత్రం పూట భాయ్ నన్ను ఉరికించేవాడు. ఇప్పుడు మధురానగర్ అంటున్న వైపు అప్పుడన్నీ జొన్న చేలు. వాటి పక్క బాట మీద ఆయన ముందు, నేను వెనక. నా జబ్బు ఆయన మొదటిరోజే పట్టుకున్నాడు. మొదట్లోనే గుండెలు పగిలేలా ఉరికి, సగం దూరంలో చతికిలబడేవాణ్ని.

"నా ఈపు కనపడుతున్నదా? దాన్ని దాటొద్దు. నేను చెప్పినప్పుడే దాటాలె" అనేవాడు.

"నువ్వు మరీ మెల్లగ పోతున్నవ్ భాయ్."

"మెల్లగనే పోతా. నౌకరీ నీకా, నాకా?"

ఇంకొక మాట కూడా చెప్పేవాడు, వెనక్కి చూడొద్దని. నా వెనక ఎవడొస్తున్నాడో చూడకుండా ఉండటం నా వల్ల అయ్యేది కాదు. పందెం రోజు తను కూడా ఉరుకుతానని, నన్ను పట్టి ఉంచడానికేనని, అదీ తిరిగొచ్చేటప్పుడు పంజగుట్టదాకానేనని, అక్కడ నన్ను వదిలేస్తానని ఒప్పందం.

పందెం శుక్రవారం పెట్టారు, అప్పట్లో అదే సెలవు రోజు. అంతమంది మనుషులను అమీర్‌పేటలో అంతకుముందు నేను చూడలేదు. పోలీసులు, బూట్లు వేసుకున్న కాలేజీ పిల్లలు, టాంగావాళ్లు, కూలీలు. ఒక తాలీంఖానా పహిల్వాన్లంతా ఒంటికి నూనె రాసుకుని వచ్చారు. వాళ్లను తగిలితే మన చొక్కా కూడా నూనె అవుతోంది. రొమ్ము మీద నంబరు గుడ్డలు గుచ్చారు. ఝండా ఊపగానే ముందుకు పోయింది మేం కాదు, మమ్మల్ని వెనకవాళ్లే తోసుకుపోయారు. దుమ్ములో భాయ్ వీపు తప్ప నాకేమీ కనిపించలేదు.

పంజగుట్ట, సోమాజిగూడ మీదుగా ఖైరతాబాద్ దాకా పోయి అదే దారిన తిరిగి రావాలి. దారి పొడుగునా జనం. సోమాజిగూడలో నేను రొట్టెలిచ్చే ఇళ్ల వంటవాళ్లు గేట్ల దగ్గర నిలబడి, "ఏమయ్యా, ఇయ్యాల పెట్టె ఏది?" అని ఎగతాళి చేశారు. అమ్మ మాత్రం లేదు, దొరసాని సామాన్లు సర్దిస్తోందట. నన్ను దాటిపోతున్న ప్రతివాడి మీదా నా కడుపు మండుతూనే ఉంది. అయినా భాయ్ వీపు దాటలేదు. ఖైరతాబాద్‌లో తిరిగాక, నన్ను దాటినవాళ్లంతా ఒక్కొక్కరే దారి పక్కన వంగి రొప్పుతూ కనిపించారు. పహిల్వాన్లయితే చెట్ల కింద పడుకున్నారు. పంజగుట్ట దగ్గరికి వచ్చేసరికి నా ముందు ఎనిమిది మందే. ఒంట్లో ఇంకా దమ్ముంది. అమ్మతో గది గురించి ఏమని చెప్పాలో అప్పుడే మాటలు పేర్చుకుంటున్నాను.

అప్పుడే పక్క సందులోంచి ఒక జనాజా వచ్చింది, ఎవరిదో శవయాత్ర. మోసేవాళ్లు నలుగురు, నలుగురూ ముసలివాళ్లే. వెనక ఇంకొక ముసలాయన. అంతే, మార్చుకోవడానికి వేరే భుజం లేదు. ముందున్న వాళ్లలో ఒకాయన కుంటుతున్నాడు. దారిలో జనాజా ఎదురైతే నాలుగడుగులు భుజం పట్టకుండా పోయే అలవాటు మా వైపు ఏ మతంవాళ్లకూ లేదు. అయితే అవతల పందెం జరుగుతోంది, నా ముందు ఎనిమిది మందే ఉన్నారు.

భాయ్ పక్కకు జరిగాడు. "నువ్వు నడువు తమ్మీ. ఫికర్ చేయకు, ఇగ నేను అవసరం లేదు. ఉరుకు" అని, వెళ్లి ఆ కుంటాయన్ని తప్పించి తన భుజం పెట్టాడు.

నేను ఉరికాను. పాతిక అడుగులు పోయి ఉంటాను. వెనక ఎవడొస్తున్నాడో అని తిరిగి చూశాను. భాయ్ పొడగరి, పక్క ముసలాయన పొట్టి. జనాజా ఒక వైపుకి వొరిగిపోయింది. పొట్టాయన రెండు చేతులూ పైకెత్తి ఆపుతున్నాడు. భాయ్ మోకాళ్లు వంచి, కుంగి నడుస్తున్నాడు. భాయ్‌దీ నాదీ ఒకటే ఎత్తు. నేను వెనక్కి వచ్చాను.

ఏ దయా పొంగి రాలేదు, నిజం చెబుతున్నాను. ఒళ్లు మండిపోతూ వచ్చాను. పొట్టాయన్ని తప్పించి భుజం పెట్టాను. భాయ్ నా వైపు చూసి, "ఎందుకొచ్చినవ్ రా?" అన్నాడు మెల్లగా. ముసలివాళ్లు కలిమా చదువుతున్నారు. అది నాకు రాదు, మా చర్చి ప్రార్థన ఒకటి గొణిగాను. మధ్య మధ్య బూతులు కూడా తిట్టుకున్నాను, ఎవర్నో తెలియదు. మమ్మల్ని దాటి పోతున్నవాళ్లను మాత్రం లెక్కపెట్టాను. తొమ్మిది, పది, పదకొండు. ఒక పోలీసు జవాను ఆగి వెనక భుజం పట్టి, పదడుగులు వేసి మళ్లీ ఉరికాడు. నేనూ అలాగే పోవచ్చు కదా అనుకున్నాను. పోతే మళ్లీ వొరుగుతుంది. ఖబరస్తాన్ మలుపు దగ్గర ఎదురుగా మనుషులు వచ్చి అందుకునేదాకా మోశాను. అప్పటికి నా ముందు ఇరవై ఇద్దరయ్యారు.

"ఇగ ఉరుకు. ఎంత దమ్ముంటె అంత ఉరుకు" అన్నాడు భాయ్. ఎంత దమ్ముంటే అంత అని ఆయన నాకు చెప్పడం అదే మొదటిసారి. ఉరికాను. అమీర్‌పేట చేరేలోపు ఎనిమిది మందిని దాటాను. పదిహేనోవాణ్ని వచ్చాను.

సాయంత్రం అమ్మ పని ముగించుకుని వచ్చింది. గడపలోనే, "ఎన్నో నంబరు వచ్చినవ్ బిడ్డా?" అని అడిగింది. చెప్పాను. ఎట్లయిందని అడగలేదు, మంచం మీద కూర్చుంది. అలా కూర్చునేసరికి నాకు భయమేసింది. ఎందుకు ఆగావంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. జనాజా మాట చెప్పి, "భాయ్ పిలిచిండు అమ్మా, వచ్చి పట్టుకో అన్నడు" అన్నాను.

మర్నాడు భాయ్ గుడ్డలో కట్టి వేడి రొట్టె తెచ్చాడు. అమ్మ తలుపులోనే నిలబడింది.

"నౌకరీ ముంగట పెట్టుకుని ఉరుకుతున్న పిల్లగాన్ని ఎందుకు పిలిచినవు నాయనా?"

నేను అమ్మ వెనకే ఉన్నాను. భాయ్ నన్ను ఒక్కసారి చూశాడు. తర్వాత తల వంచుకుని, "తప్పయింది అమ్మా. పిలువకుండ ఉండాల్సింది" అన్నాడు.

అమ్మ రొట్టె తీసుకోలేదు.

దొర వెళ్లిపోయాక అమీర్‌పేటలో భట్టీ వెనక సందులో మాకు ఒక రేకుల గది చూసిపెట్టింది కూడా భాయే. అమ్మ ట్రంకు పెట్టె ఆయనే మోసుకొచ్చాడు. అమ్మ ఆయనకు మంచినీళ్లయినా ఇవ్వలేదు. మా అమ్మ కుక్కకు కూడా నీళ్లు పెట్టకుండా ఉండే మనిషి కాదు. ఆ రోజు నా మీద నాకు అసహ్యం వేసింది.

వారం తర్వాత భట్టీలో పిండి దగ్గర అడిగేశాను. "నువ్వు పిలువలేదని అమ్మకు ఎందుకు చెప్పలేదు భాయ్?"

ఆయన పిసకడం ఆపలేదు. "అమ్మకు ఎవరి మీదనో కోపం ఉండాలె గద తమ్మీ. నీ మీద అయితె పొద్దున లేస్తే నీ మొఖమే చూడాలె. నా మీద అయితె నేను మా ఇంటికి పోత, ఆమె తన పని చేసుకుంటది."

"నేను ఇయ్యాలనే చెప్త."

"నీ ఇష్టం" అన్నాడు.

చెప్పాలనే ఇంటికి వెళ్లాను. అమ్మ అప్పుడే వేరే ఇళ్లల్లో పని వెతికి, దొరక్క తిరిగి వచ్చినట్టుంది, కాళ్లు కడుక్కుంటోంది. నన్ను చూసి కంచం పెట్టింది. అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని, "తిను బిడ్డా, మోసిన భుజం ఇంకా నొస్తున్నదా?" అని అడిగింది.

లేదన్నాను. అన్నం తిన్నాను. చెప్పలేదు. ఆ తర్వాత అమ్మ పదకొండేళ్లు బతికింది.